గొంతులో ఉండ అడ్డుపడినట్టు ఉండటం, ముద్ద దిగకపోవడం: రెండింటి వెనుక ఉన్న ఒకే కండరం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ వయసు 34. రెండు నెలలుగా గొంతు మధ్యలో ఏదో ఉండ అడ్డుపడినట్టు ఉంది. ఉమ్మి మింగితే తెలుస్తోంది, అన్నం తినేటప్పుడు తెలియడం లేదు. ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో చూసి గడ్డలేమీ లేవని, క్రికోఫారింజియస్ అనే కండరం బిగుసుకుని ఉందని చెప్పారు. ఆరు వారాల క్రితం మీ నాన్నగారికి తల తిరుగుడు, ఎక్కిళ్ళతో స్ట్రోక్ మొదలైంది. కాళ్ళూ చేతులూ బాగానే ఆడుతున్నాయి కానీ గుక్కెడు నీళ్ళు కూడా దిగడం లేదు. ముక్కులోంచి వేసిన గొట్టంతోనే ఆహారం ఇస్తున్నారు. ఆయన డాక్టర్లూ ఇదే కండరం పేరు చెప్పేసరికి, ఇది ఇంట్లో వంశపారంపర్యంగా వస్తోందేమో, క్యాన్సర్‌కు దారితీస్తుందేమో అని మీకు భయం పట్టుకుంది.

సూటిగా చెబుతాను. మీ ఇద్దరిదీ ఒకే జబ్బు కాదు. వంశపారంపర్యం అసలే కాదు. మీ గొంతులో ఆ కండరం తన పని తాను చేస్తోంది, కాస్త ఎక్కువగా చేస్తోంది అంతే. మీ నాన్నగారి విషయంలో కండరం చెడిపోలేదు, దానికి ‘ఇప్పుడు వదులు’ అని చెప్పాల్సిన మెదడు భాగం దెబ్బతింది. కెమెరా పరీక్షలో గడ్డ లేదు, ముద్ద హాయిగా దిగుతోంది. కాబట్టి మీరు చెప్పినంతవరకు క్యాన్సర్‌ను అనుమానించాల్సిన లక్షణం ఒక్కటీ నాకు కనబడటం లేదు. మీ గురించి నాకు ఆందోళన లేదు. నాన్నగారి విషయంలో మాత్రం జాగ్రత్తగా చేయాల్సినవి ఉన్నాయి, వాటిని చివర్లో వివరంగా రాస్తాను.

నేను కోస్తా జిల్లాల్లో ఈఎన్‌టీ వైద్యుడిగా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మింగుడు సమస్యలతో వచ్చేవాళ్ళకు మందు కంటే ముందు ఈ కండరం గురించి కూర్చోబెట్టి చెప్పాల్సి ఉంటుంది. అది అర్థమైతే సగం భయం అక్కడే పోతుంది.

ఎక్కడ ఉంటుంది? మెడ ముందు వైపు కంఠమణి మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరపండి. చిన్న పల్లం తర్వాత గట్టిగా ఒక ఉంగరం తగులుతుంది. అదే క్రికాయిడ్ మృదులాస్థి. గాలి గొట్టంలో పూర్తి చుట్టుగా ఉండే మృదులాస్థి అదొక్కటే. క్రికోఫారింజియస్ ఆ ఉంగరానికి ఒక పక్క పుట్టి, వెనక్కి వెళ్ళి, ఆహార మార్గాన్ని చుట్టి, ఉంగరం రెండో పక్కన అతుక్కుంటుంది. అంటే పూర్తి వలయం కాదు, ముందు వైపు గోడ మృదులాస్థి, మిగిలిన చుట్టూ కండరం. పెద్దవాళ్ళలో ముందు పళ్ళ నుంచి లోపలికి సుమారు 15 సెంటీమీటర్లు, ఆరో మెడ వెన్నుపూసకు ఎదురుగా ఉంటుంది. గొంతు అక్కడితో అయిపోయి అన్నవాహిక మొదలవుతుంది. నోటి నుంచి పొట్ట దాకా ఉన్న దారిలో బాగా ఇరుకైన చోటు కూడా అదే.

గొంతును వెనుక నుంచి నొక్కే కండరాలు మూడు జతలు, ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉంటాయి. క్రికోఫారింజియస్ వాటిలో అట్టడుగుదానిలో భాగం. అయితే పై భాగాల్లో కుడి ఎడమ పోగులు వెనుక మధ్యలో ఒక కుట్టు లాంటి గీత దగ్గర కలుస్తాయి, దీనికి ఆ గీత లేదు. పోగులు ఒక పక్క నుంచి మరో పక్కకు అడ్డంగా, తెగకుండా సాగుతాయి. పైవి ఏటవాలుగా, ఇది అడ్డంగా ఉండటంతో వాటి మధ్య వెనుక వైపు ఒక బలహీనమైన త్రికోణం మిగులుతుంది. జర్మన్ వైద్యుడు గుస్తావ్ కిల్లియన్ పేరుతో దాన్ని పిలుస్తారు. ఈ కండరం సరిగా తెరుచుకోక పైన ఒత్తిడి పెరిగితే, కొందరు వృద్ధుల్లో అక్కడి పొర సంచిలా బయటికి ఉబ్బుతుంది. తిన్నది అందులో చేరి, గంటల తర్వాత అరగకుండా అలాగే నోట్లోకి వస్తుంది. ఇంగ్లండులో అబ్రహాం లడ్లో 1769లోనే ఇలాంటి సంచిని వర్ణించాడు. 1877లో జెంకర్ చేసిన అధ్యయనం తర్వాత అది ఆయన పేరుతో స్థిరపడింది. ఉత్తర ఐరోపాలో ఎక్కువగా కనిపించే ఈ జబ్బు మన దగ్గర అరుదు. మీకూ నాన్నగారికీ దీనితో సంబంధం లేదు, ఇంటర్నెట్‌లో వెతికితే మొదట ఇదే కనబడి భయపెడుతుంది కాబట్టి చెప్పాను.

దాని అసలు పని మూసి ఉంచడం. చాలామంది దీన్ని మింగే కండరం అనుకుంటారు. నిజానికి మింగే ఆ కాసేపు తప్ప రోజంతా అది బిగిసే ఉంటుంది. చేతి కండరాల జాతికి చెందినదే అయినా మన ఇష్టంతో పని లేకుండా నిరంతరం బిగువు నిలబెడుతుంది. అలసిపోకుండా నెమ్మదిగా పనిచేసే పోగులు, సాగే కణజాలం అందులో ఎక్కువ. ఎందుకంత కాపలా? మనం ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, ఈ ద్వారం తెరిచి ఉంటే గాలి పొట్టలోకీ పోతుంది. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. పొట్టలోంచి పైకి తన్నే పుల్లటి ద్రవం గొంతులోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోకుండా చివరి అడ్డు ఇదే.

ఈ బిగువు రోజంతా ఒకేలా ఉండదు. నిద్రలో బాగా తగ్గుతుంది. ఆందోళనలో పెరుగుతుంది. పరీక్షకు ముందు, చావు కబురు విన్నప్పుడు, ఏడుపు ఆపుకున్నప్పుడు గొంతులో ఏదో ఉండలా అడ్డుపడటం అందరికీ అనుభవమే.

ఇప్పుడు గుటక సంగతి. మళ్ళీ కంఠమణి మీద వేలు పెట్టి ఒక్క గుటక మింగండి. అది చటుక్కున పైకి లేచి మళ్ళీ దిగుతుంది. ఆ ఒక్క క్షణంలో లోపల జరిగేది ఇది: నాలుక ముద్దను వెనక్కి నెడుతుంది, అంగిలి లేచి ముక్కు దారి మూస్తుంది, ఊపిరి ఆగుతుంది, స్వరతంతువులు దగ్గరపడి గాలి గొట్టం మూసుకుంటుంది. అదే సమయంలో మెదడు కాండం (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) నుంచి వేగస్ నాడి ద్వారా క్రికోఫారింజియస్‌కు వచ్చే బిగింపు ఆదేశం ఆగిపోతుంది. కండరం సడలుతుంది.

కానీ సడలడం వేరు, తెరుచుకోవడం వేరు. నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. బియ్యం మూట మూతికి కట్టిన తాడు వదులు చేసినంత మాత్రాన మూట తెరుచుకోదు, ఎవరో ఒకరు అంచు పట్టి లాగాలి. ఇక్కడ ఆ పని గడ్డం కింద ఉన్న కండరాలది. అవి నాలుక అడుగున ఉండే హయాయిడ్ ఎముకను, దానితోపాటు స్వరపేటిక మొత్తాన్నీ పైకీ ముందుకూ లాగుతాయి. క్రికాయిడ్ ఉంగరం ముందుకు జరిగితే, వెనుక గోడ వెన్నెముక దగ్గరే ఉండిపోతుంది కాబట్టి మధ్యలో దారి ఏర్పడుతుంది. పైనుంచి వచ్చే ముద్ద ఒత్తిడి దాన్ని ఇంకాస్త వెడల్పు చేస్తుంది. ముద్ద దాటేదాకా సుమారు అర సెకను తెరిచి ఉండి, ఒక్కసారి గట్టిగా బిగిసి, మళ్ళీ మామూలు బిగువుకు వస్తుంది. రోజుకు కొన్ని వందల సార్లు ఇలా జరుగుతుంది, నిద్రలో మాత్రం చాలా అరుదుగా.

అంటే ముద్ద దిగాలంటే మూడు కుదరాలి: ఆదేశం ఆగి కండరం సడలాలి, గడ్డం కింది కండరాలు లాగాలి, నాలుక బలంగా నెట్టాలి. ఏ మింగుడు సమస్యలోనైనా ఈ మూడింటిలో ఏది తప్పిందో తెలియకుండా చికిత్స మొదలుపెడితే లాభం లేదు.

మీ సంగతికి వస్తాను. మీకున్నదాన్ని మేము గ్లోబస్ అంటాం. లక్షణం మీరే సరిగ్గా రాశారు: ఉమ్మితో తెలుస్తుంది, అన్నంతో పోతుంది. నిజంగా లోపల అడ్డు ఉంటే ఇది తారుమారై ఉండేది, గట్టి ముద్ద దగ్గరే ముందు ఇబ్బంది వచ్చేది. తినేటప్పుడు కండరం బాగా తెరుచుకుంటోంది, పైగా మనసు తిండి మీద ఉంటుంది. ఉత్త గుటక మింగినప్పుడు నెట్టడానికి ఏమీ లేక ఆ బిగువు నేరుగా తెలుస్తుంది. ‘ఇంకా ఉందా?’ అని పరీక్షించుకోవడానికి మళ్ళీ మళ్ళీ గుటకలు మింగుతారు, గొంతు సవరించుకుంటారు. ప్రతిసారీ అక్కడ మరికాస్త రాపిడి, మరికాస్త బిగువు. నా దగ్గరికి వచ్చే గ్లోబస్ రోగుల్లో ఎక్కువమంది ఈ చక్రంలోనే చిక్కుకుని ఉంటారు, చాలామంది ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు వచ్చిన తర్వాత వచ్చినవాళ్ళే. నాన్నగారికి స్ట్రోక్ వచ్చి ఆరు వారాలు, మీ ఇబ్బందికి రెండు నెలలు, అంటే ఇది అంతకు ముందే మొదలైంది. కాబట్టి అంతా ఆందోళనే అని నేను తేల్చేయను. పులి త్రేన్పులు, ఛాతీలో మంట ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించండి, మీ డాక్టరుతో చెప్పి కొన్ని వారాలు ఆమ్లం తగ్గించే మందు వాడి చూడవచ్చు. ఆ లక్షణాలు లేనివాళ్ళకు ఆ మాత్రలు నెలల తరబడి మింగించడం నాకు ఇష్టం లేదు.

ఉత్త గుటకలు మానండి. గొంతు సవరించుకోవాలనిపించిన ప్రతిసారీ ఒక చిన్న గుక్క నీళ్ళు తాగండి. దవడ వదిలేసి మెల్లగా ఆవులించండి, భుజాలు, మెడ సడలించండి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది, కొందరికి నెలలు పడుతుంది, మధ్యలో వచ్చిపోతూ ఉంటుంది. అది ప్రమాదం కాదు.

కానీ ఇవి కనిపిస్తే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే: అన్నం లేదా చపాతీ నిజంగా అడ్డుపడటం, రోజురోజుకూ పెరగడం, బరువు తగ్గడం, ఒకే పక్క నొప్పి, ఒకే చెవి పోటు, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, ఉమ్మిలో రక్తం, మెడలో గడ్డ. చుట్ట, సిగరెట్, ఖైనీ, మద్యం అలవాటు ఉన్నవాళ్ళు వీటిలో ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకూడదు.

ఇంకొకటి, ఇది చదివే ఆడవాళ్ళ కోసం. రక్తహీనత ఎక్కువగా ఉన్న స్త్రీలలో ఈ కండరానికి కాస్త కిందుగా పల్చటి పొర అడ్డంగా ఏర్పడవచ్చు. వాళ్ళు గట్టి ముద్దలు మానేసి అన్నం బాగా మెత్తగా కలుపుకుని, నీళ్ళతో దింపుకుంటూ ఏళ్ళు గడిపేస్తారు. నోటి మూలలు పగలడం, నాలుక నున్నగా మారడం, గోళ్ళు గుంట పడటం తోడుగా ఉంటాయి. దీన్ని ప్లమ్మర్ విన్సన్ సిండ్రోమ్ అంటారు. ఐరన్ ఇచ్చి, ఆ పొరను సాగదీస్తే ముద్ద దిగుతుంది. పట్టించుకోకపోతే కొందరిలో సరిగ్గా ఆ ప్రాంతంలోనే క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంది. ‘మా అమ్మ ఎప్పుడూ నెమ్మదిగానే తింటుంది’ అని వదిలేయకండి, హిమోగ్లోబిన్ చూడండి.

చిన్నపిల్లలు మింగిన నాణేలు ఎక్కువగా ఆగేదీ ఈ ద్వారం దగ్గరే. చేప ముల్లు అలా కాదు, అది ఎక్కువగా టాన్సిల్ లేదా నాలుక మొదట్లో గుచ్చుకుంటుంది. అందుకే ముల్లు దిగాలని ఉత్తన్నం ముద్దలు, అరటిపండ్లు మింగించడం వల్ల ముల్లు ఇంకా లోతుకు దిగడమో, గోడ చీరుకుపోవడమో జరుగుతుంది. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండీ బ్యాటరీ మింగితే మాత్రం నాణెంలా చూడకూడదు. రెండు గంటల్లోనే లోపలి గోడను కాల్చడం మొదలుపెడుతుంది. రాత్రయినా సరే, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

త్రేన్పు అసలు రాదని, పొట్ట ఉబ్బరం, గొంతులో గుడగుడ శబ్దాలు అని వచ్చే యువకులూ ఉంటారు. వాళ్ళలో కొందరికి ఈ కండరం కిందికి దించేటప్పుడు బాగానే సడలుతుంది, పైకి గాలి వదలాల్సి వచ్చినప్పుడు మాత్రం సడలదు. అమెరికాలో రాబర్ట్ బాస్టియన్ బృందం 2019లో దీన్ని ఒక ప్రత్యేక సమస్యగా వివరించి, కండరాన్ని కొంతకాలం సడలించే బోటాక్స్ మందును అందులోకి ఇంజెక్షన్‌గా ఇస్తే తగ్గుతుందని చూపింది. అంతకు ముందు ఇలాంటివాళ్ళను గ్యాస్ మాత్రలిచ్చి పంపేసేవాళ్ళు.

ఈ కండరం మీద నాకు ప్రత్యేకమైన గౌరవం కలగడానికి కారణం వేరే ఉంది. క్యాన్సర్ వల్ల స్వరపేటిక మొత్తం తీసేయాల్సి వచ్చిన రోగులు మెడ మీది రంధ్రంతో ఊపిరి పీలుస్తారు, మాట పోతుంది. అలాంటివాళ్ళకు గాలి గొట్టానికీ ఆహార మార్గానికీ మధ్య చిన్న కవాటం అమరిస్తే, ఊపిరితిత్తుల గాలి ఆహార మార్గంలోకి వచ్చి ఈ కండరం ఉన్న చోటి గోడలను కంపింపజేస్తుంది. ఆ కంపనమే కొత్త గొంతు. కవాటం లేకుండా గాలిని మింగి, త్రేన్పులా వదులుతూ మాట్లాడటం నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. నా రోగుల్లో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు అలా నేర్చుకుని మళ్ళీ పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. స్వరం మోటుగా ఉంటుంది కానీ ప్రతి మాటా అర్థమవుతుంది. కండరం మరీ బిగువుగా ఉంటే ఆ మాట పెగలదు, అందుకే ఆపరేషన్ సమయంలోనే దాన్ని కొంత కోసి వదులు చేయడం చాలాచోట్ల చేస్తారు.

ఇక మీ నాన్నగారు. తల తిరుగుడు, ఎక్కిళ్ళు, కాళ్ళూ చేతుల బలం బాగుండి మింగుడు పూర్తిగా పోవడం, ఇవన్నీ కలిపి చూస్తే మెదడు కాండంలో మెడల్లా అనే భాగం పక్క వైపు స్ట్రోక్ వచ్చి ఉంటుందనిపిస్తోంది. జర్మన్ వైద్యుడు వాలెన్‌బర్గ్ 1895లో దీన్ని వర్ణించాడు. మింగుడును నడిపించే నాడీ కేంద్రం అక్కడే ఉంది. నడవగలిగిన మనిషి నీళ్ళు తాగలేకపోవడం చూసి ఇంట్లోవాళ్ళు నమ్మలేరు, ‘ప్రయత్నిస్తే దిగుతుంది, భయపడుతున్నాడు’ అంటారు. దయచేసి అలా అనకండి. ఆయన ప్రయత్నంలో లోపం లేదు.

డాక్టరు సరే అనేదాకా నోటితో ఏమీ పెట్టకండి, చెంచాడు నీళ్ళు కూడా. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మనవాళ్ళు నెత్తి మీద తట్టి ఊరుకుంటారు. స్ట్రోక్ రోగి విషయంలో అది ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయిన గుర్తు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, ఇలాంటివాళ్ళలో కొందరికి పొలమారినా దగ్గు రాదు. దగ్గలేదు కాబట్టి దిగిందనుకోవడానికి లేదు. గొంతు తడిగా, గరగరమని మారిందా, జ్వరం వస్తోందా చూస్తూ ఉండండి. నోటితో తినకపోయినా రోజుకు రెండు మూడుసార్లు పళ్ళు, నాలుక శుభ్రం చేయండి. మురికి ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారడమే న్యుమోనియాకు పెద్ద కారణం.

ఆశ వదులుకోవాల్సిన అవసరం లేదు. ఈ రకం స్ట్రోక్‌లో ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో మింగుడు తిరిగి వస్తుంది. ముందు ఒక పరీక్ష కావాలి: బేరియం కలిపిన ద్రవాన్ని మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీసేది. సడలడం తప్పిందా, లాగడం తప్పిందా, నెట్టడం తప్పిందా అని అందులో తెలుస్తుంది. లాగే బలం తక్కువని తేలితే షేకర్ వ్యాయామం ఉంది. వెల్లకిలా పడుకుని, భుజాలు నేలకు ఆన్చే ఉంచి, తల మాత్రం ఎత్తి కాలి వేళ్ళు చూడాలి. ఒక నిమిషం పట్టి ఉంచి ఒక నిమిషం విశ్రాంతి, అలా మూడుసార్లు. తర్వాత వరుసగా 30 సార్లు ఎత్తి దించడం. రోజుకు మూడు పూటలు, ఆరు వారాలు. ఇది క్రికోఫారింజియస్‌కు చేసే వ్యాయామం కాదు, దాన్ని లాగి తెరిచే గడ్డం కింది కండరాలకు. మెడ ఎముకల అరుగుదల, గుండె జబ్బు, బీపీ అదుపులో లేకపోవడం ఉంటే చేయించకండి. ఎవరైనా స్పీచ్ థెరపిస్టు పర్యవేక్షణలోనే మొదలుపెట్టండి.

సడలకపోవడమే సమస్య అయితే బెలూన్‌తో సాగదీయడం, బోటాక్స్, చివరిగా కండరాన్ని కోయడం ఉన్నాయి. ఆ కోత ఆపరేషన్‌ను 1951లో పోలియో వల్ల మింగలేని రోగికి చేశారు. దానికి తొందరపడవద్దని నా గట్టి అభిప్రాయం. ఇప్పటికి ఆరు వారాలే, దానంతట అది కోలుకునే సమయం ఇంకా ఉంది. పైగా నాలుక నెట్టకపోతే, గడ్డం కింది కండరాలు లాగకపోతే ద్వారాన్ని కోసినా ముద్ద దిగదు, పొట్టలోనిది గొంతులోకి రావడానికి మాత్రం దారి సులువవుతుంది. వయసు పైబడినవాళ్ళ ఎక్స్‌రేలో ఈ కండరం కొద్దిగా లోపలికి పొడుచుకుని కనిపించడం ఏ ఇబ్బందీ లేనివాళ్ళలో కూడా ఉంటుంది, ఆ ఒక్క బొమ్మ చూసి కత్తి పట్టకూడదు.

ముక్కు గొట్టం వేసి నాలుగు వారాలు దాటింది కాబట్టి, ఇంకా చాలాకాలం పట్టేలా ఉంటే పొట్టలోకి నేరుగా వేసే పెగ్ గొట్టం గురించి ఇప్పుడే అడగండి. పేరు వినగానే అందరూ ‘ఇక నోటితో తినలేడన్నమాట’ అనుకుంటారు, కానీ మింగుడు వచ్చాక దాన్ని తీసేస్తారు. ముక్కులో గొట్టం లేకపోతే గొంతు వ్యాయామాలూ సులువవుతాయి.

ఆయన ఎమ్మారై రిపోర్టులో స్ట్రోక్ ఏ వైపు, ఏ భాగంలో అని రాశారో, ఉమ్మి మింగుతున్నారా లేక ఉమ్మేస్తున్నారా, గొంతు బొంగురు పోయిందా, ఈ మూడూ ఇక్కడ రాయండి. దాన్ని బట్టి థెరపిస్టును ఏమడగాలో చెబుతాను.